గోదాములో వేగం ఒకరిది, జీతం బాధ్యత మరొకరిది

క్లుప్తంగా: జీఎస్టీ వచ్చాక గోదాములు పెద్దవయ్యాయి, అందులో పని చేసేవాళ్ల సంఖ్యా పెరిగింది. బస్తాలు మోసే హమాలీ ముఠాల పని పాత పద్ధతిలోనే సాగుతుంటే, స్కానర్ పట్టుకుని షిఫ్టుల్లో చేసే కొత్త పని దాని పక్కనే మొదలైంది. రెండుచోట్లా పని ఎంత త్వరగా అవ్వాలో సరుకు యజమాని నిర్ణయిస్తాడు, కూలీ లెక్క మాత్రం కాంట్రాక్టర్ చేతిలోనో మేస్త్రీ చేతిలోనో ఉంటుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన కొత్త చట్టాలు) గోదాముల భద్రత విషయంలో ఒక అడుగు ముందుకు వేశాయి. కాంట్రాక్టు పని విషయంలో మాత్రం కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో తెచ్చిన సవరణ బాటలోనే నడిచాయి.

హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు కొన్నేళ్లుగా లేచిన పొడవాటి రేకుల షెడ్లలో చాలావరకు గోదాములే. పండగ సీజన్‌లో వీటి చుట్టూ ఉద్యోగాల వార్తలు పెద్ద అంకెలతో వస్తాయి. 2025 పండగ అమ్మకాల కోసం అమెజాన్ లక్షన్నర, ఫ్లిప్‌కార్ట్ 2.2 లక్షల పని అవకాశాలు ప్రకటించాయి. ఈ అంకెల్లో ఎక్కువ భాగం రెండు మూడు నెలల పనులే. అవి ఎవరి ఉద్యోగాలు, ఎవరి కింద, ఏ చట్టం ప్రకారం అన్న ప్రశ్నకు జవాబు వెతికితే గోదాముల్లోని అసలు చిక్కు బయటపడుతుంది.

గోదాములు ఎందుకు ఇంత పెద్దవయ్యాయి

జీఎస్టీకి ముందు ఒక రాష్ట్రంలోని కంపెనీ మరో రాష్ట్రంలోని వ్యాపారికి సరుకు అమ్మితే 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అదే కంపెనీ అక్కడి తన సొంత డిపోకు సరుకు పంపుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. అందుకే సబ్బుల కంపెనీ నుంచి మందుల కంపెనీ దాకా రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక విజయవాడలో కొత్త డిపోలు తెరుచుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

2017 జులై 1న జీఎస్టీ రావడంతో పన్ను కోసం గోదాము పెట్టుకోవాల్సిన అవసరం పోయింది. రోడ్డు, దూరం, డిమాండ్ చూసుకుని నాలుగైదు రాష్ట్రాలకు కలిపి ఒక పెద్ద గోదాము పెట్టుకోవడం లాభంగా మారింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్ రంగానికి మౌలిక వసతుల హోదా ఇవ్వడంతో దీర్ఘకాలిక అప్పు దొరకడం తేలికైంది. పెద్ద పెట్టుబడి సంస్థలు షెడ్లు కట్టి అద్దెకివ్వడం మొదలుపెట్టాయి.

పని మీద దీని ప్రభావం గురించి చర్చ తక్కువగా జరిగింది. పాత డిపోలో ఒక గుమాస్తా, ఒక వాచ్‌మన్, బయట ఎప్పుడూ ఉండే హమాలీ ముఠా ఉండేవి. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. కొత్త గోదాములో షిఫ్టుకు వందల మంది. షెడ్డు ఒకరిది, నడిపేది లాజిస్టిక్స్ కంపెనీ, సరుకు మరో కంపెనీది, మనుషుల్ని పంపేది వేరే ఏజెన్సీ. జీతం తక్కువ పడిందని అడగాలంటే ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియని పరిస్థితి ఈ నాలుగు అంచెల వల్ల వచ్చిందే.

ముఠా లెక్క

బియ్యం, ఎరువులు, సిమెంటు, మిర్చి నిల్వచేసే చోట్ల ఇప్పటికీ ముఠాదే రాజ్యం. పది ఇరవై మంది ఒక జట్టుగా ఉంటారు, వాళ్లకొక మేస్త్రీ. ఎగుమతికి (లారీలోకి ఎక్కించడానికి) ఒక రేటు, దిగుమతికి (దించడానికి) ఒక రేటు, బస్తాకో క్వింటాలుకో ఇంత అని మాట్లాడుకుంటారు. సాయంత్రం వచ్చిన మొత్తాన్ని పంచుకుంటారు. ఒకడికి నడుం పట్టేసినా, జ్వరం వచ్చినా మిగతావాళ్లు సర్దుకుంటారు. పని వేగం చాలావరకు వాళ్ల చేతిలోనే ఉంటుంది. తొందరగా ముగిస్తే ఇంకో లారీ పట్టుకోవచ్చు, అలసిపోతే కాసేపు నీడన కూర్చోవచ్చు.

అలాగని ఆ పని తేలికని కాదు. పది టన్నుల బియ్యం లారీ అంటే 50 కిలోల బస్తాలు 200. నలుగురు దించితే తలా 50 బస్తాలు, అంటే ఒక్కొక్కరి వీపు మీదుగా రెండున్నర టన్నులు. అది ఒక్క లారీ లెక్క. బస్తాల వరుస పైకి పెరిగేకొద్దీ చెక్క మీదుగానో, కింది బస్తాల మెట్ల మీదుగానో బరువుతో ఎక్కాలి. ఎక్కువ ప్రమాదం అక్కడే. ఒకప్పటి క్వింటాలు బస్తాలతో పోలిస్తే 50 కిలోలు నయమే. అయినా అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 సిఫారసులో ఒక మగ మనిషి చేత్తో మోయడానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 55 కిలోలు. అంటే పరిమితి అంచున ఉండే బరువును రోజంతా మోస్తూనే ఉంటారు.

యంత్రాలతో ఈ బరువు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న సహజం. చెక్క దిమ్మల మీద సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే పద్ధతి కొత్త గోదాముల లోపల కనిపిస్తుంది. కానీ ఆ దిమ్మ లారీలో చోటు తింటుంది, దాని బరువూ కలుస్తుంది. మన లారీల బాడీలు ఒక్కో కొలతలో ఉంటాయి. మనిషి కూలీ యంత్రం ఖర్చు కంటే తక్కువగా ఉన్నంతకాలం లారీ తలుపు దగ్గర మనిషి వీపే పని చేస్తుంది.

ముఠా పద్ధతిలో పెద్ద లోటు యజమాని లేకపోవడం. వ్యాపారి వాళ్లు తన మనుషులు కారంటాడు, మేస్త్రీ కూడా కూలీయే. పీఎఫ్, ఈఎస్ఐ కట్టేవాడు ఉండడు. మహారాష్ట్ర దీనికి 1969లోనే మాథాడీ (బరువులు మోసే కూలీల) చట్టంతో ఒక దారి చూపింది. అక్కడ కార్మికులూ వ్యాపారులూ ఇద్దరూ బోర్డులో నమోదు కావాలి. వ్యాపారి కూలీ డబ్బుతో పాటు దాని మీద కొంత శాతం లెవీ బోర్డుకు కడతాడు. బోర్డు కూలీ చెల్లించి, లెవీ నుంచి పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్, సెలవు జీతం చూసుకుంటుంది. యజమాని ఎవరన్న వాదనే రాదు, ఎందుకంటే డబ్బు బోర్డు గుండా వెళ్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేసింది. పేరులోనే మన పని పదాలు పెట్టుకున్న ఆ చట్టం మహారాష్ట్రలో మాదిరి బోర్డులను నిలబెట్టలేకపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హమాలీ సంఘాలు ఈనాటికీ సంక్షేమ బోర్డు కోసం అడుగుతూనే ఉన్నాయి.

ఒకే బస్తా, మూడు కూలీలు

గోదాము పనిలో జీతాన్ని నిర్ణయించేది నైపుణ్యమా, బరువా, లేక ఉద్యోగపు హోదాయా? భారత ఆహార సంస్థ లెక్కలు దీనికి సూటిగా జవాబిస్తాయి. ఆ సంస్థ గోదాముల్లో ప్రధానంగా మూడు రకాల హమాలీలు ఉండేవారు: శాఖాపరమైన శాశ్వత కార్మికులు, సంస్థే నేరుగా కూలీ ఇచ్చేవారు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చేవారు. ఆ సంస్థ పనితీరు మీద కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం 2014లో ఒక్కో కార్మికుడి మీద నెలకు అయిన ఖర్చు శాశ్వత కార్మికుడికి సుమారు 79,500 రూపాయలు, నేరు చెల్లింపు కార్మికుడికి 26,000, కాంట్రాక్టు కూలీకి 10,000. అదే గోనె సంచి, అదే 50 కిలోలు.

ఈ అంకెలు బయటికొచ్చినప్పుడు వార్త అంతా పై అంకె చుట్టూ తిరిగింది. 2014 ఆగస్టులో 300 మందికి పైగా బకాయిలతో కలిపి నెలకు 4 లక్షల పైన అందుకున్నారన్నది శీర్షికలకెక్కింది. ప్రోత్సాహక రేట్ల విధానం దుర్వినియోగమవుతోందని, తమ బదులు వేరేవాళ్లతో పని చేయించుకునే అవకాశం దొరుకుతోందని కమిటీ చెప్పింది. అది తీసిపారేయదగ్గ ఆరోపణ కాదు. కానీ కింది అంకె గురించి అంత చర్చ జరగలేదు. ఎనిమిది రెట్ల తేడాకు పరిష్కారం పై జీతాన్ని దించడంగానే అర్థమైంది. ఆ తర్వాత అదే దిశలో కాంట్రాక్టు పద్ధతి విస్తరించింది. 10,000 రూపాయలకు 50 కిలోల బస్తా మోయడం న్యాయమేనా అన్నది ఆ నివేదిక చర్చలో అసలు పెద్ద ప్రశ్న కావలసింది.

స్కానర్ చెప్పే వేగం

ఆన్‌లైన్ అమ్మకాల గోదాములో బరువు తక్కువ, నడక ఎక్కువ. వచ్చిన సరుకును రాక్‌లలో పెట్టేవారు ఒకరు, ఆర్డర్ ప్రకారం తీసేవారు ఇంకొకరు, ప్యాక్ చేసేవారు వేరొకరు, ఊళ్ల వారీగా వేరు చేసేవారు మరొకరు. చేతిలోని స్కానర్ ఏ వరుసలో, ఏ అరలో, ఏ వస్తువు తీయాలో చూపిస్తుంది. బీప్ అనగానే తర్వాతి అర చూపిస్తుంది. రెండు బీప్‌ల మధ్య ఎంతసేపు పట్టిందో నమోదవుతుంది. గంటకు ఎన్ని అన్నదే టార్గెట్.

ముఠా పనికీ దీనికీ అసలు తేడా ఇక్కడే. ముఠాలో కూలీ బస్తా లెక్కన, వేగం పనివాడి చేతిలో. ఇక్కడ జీతం నెల లెక్కన, వేగం మాత్రం సాఫ్ట్‌వేర్ చేతిలో. వేగం పెరిగితే వచ్చే లాభం పనివాడికి రాదు, తగ్గితే వచ్చే టెన్షన్ మాత్రం అతనిదే. ఆ టార్గెట్ పెట్టేది నడిపే కంపెనీ, టార్గెట్ అందుకోలేదని రేపటి నుంచి రావద్దని చెప్పేది ఏజెన్సీ. కాగితం మీద తొలగింపు అన్నదే జరగదు, రోస్టర్‌లో (డ్యూటీ జాబితాలో) పేరు కనపడదంతే.

ఇది ఎంత దూరం వెళ్లగలదో 2024లో హరియాణాలోని మానేసర్ నుంచి వచ్చిన వార్త చూపించింది. 24 అడుగుల లారీలు ఆరు దించేదాకా మంచినీళ్లకూ మరుగుదొడ్డికీ వెళ్లబోమని అమెజాన్ గోదాములో కార్మికుల చేత ప్రతిజ్ఞ చేయించారని కథనాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఉత్తర భారతంలో వడగాలులు వీస్తున్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ జూన్‌లో తనంతట తానుగా విచారణకు తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసు ఇచ్చింది. అది ఒక్కచోట జరిగిన దురదృష్టకర ఘటన అని కంపెనీ వివరణ ఇచ్చింది. ఒక సూపర్‌వైజర్ తప్పే అనుకున్నా, ఆరు లారీల లెక్క అతని సొంత ఆలోచన నుంచి పుట్టి ఉండదు. లారీలు వచ్చే వేళలు, షిఫ్టు అవుట్‌పుట్ అంకెలు పైనుంచి వస్తాయి. ఆ ఒత్తిడి చివరికి కింద ఉన్న మనిషి దాహం మీద పడింది.

విదేశాల్లో కూడా ఇవే గొడవలు, కానీ అక్కడ చట్టం నేరుగా వేగాన్నే పట్టుకుంది. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పెద్ద గోదాముల యజమానులు ప్రతి కార్మికుడికీ అతని టార్గెట్ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి. భోజనం, విశ్రాంతి, మరుగుదొడ్డి సమయాన్ని మింగేసే టార్గెట్ చెల్లదు. గత 90 రోజుల్లో తన పని వేగం వివరాలు ఇమ్మని కార్మికుడు అడగవచ్చు. ఫ్రాన్స్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ మరో మార్గంలో వచ్చింది. అమెజాన్ గోదాముల విభాగం మీద 3.2 కోట్ల యూరోల జరిమానా వేసినట్లు 2024 జనవరిలో ప్రకటించింది. అక్కడ స్కానర్ ఒక వస్తువు తర్వాత మరొకటి 1.25 సెకన్ల లోపు స్కాన్ చేస్తే మరీ తొందరపడ్డట్టు నమోదు చేసేది, పది నిమిషాలు ఖాళీగా ఉంటే అదీ నమోదు చేసేది, ఒకటి నుంచి పది నిమిషాల మధ్య ఆగితే దానికీ ఒక గుర్తు పెట్టేది. ప్రతి చిన్న విరామానికీ సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చే పరిస్థితి కల్పించడం మితిమీరిన నిఘా అని ఆ సంస్థ తేల్చింది.

భారత చట్టాల్లో పని గంటలకు పరిమితి ఉంది, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలీ ఉంది. గంటలో ఎంత పని అన్న దానికి పరిమితి లేదు, టార్గెట్ వెల్లడించాలన్న నియమమూ లేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని అనుమతించింది, వారానికి 48 గంటల పరిమితి మాత్రం ఉంచింది. గంటలు అవే ఉన్నా వేగం పెరిగితే శరీరం మీద భారం పెరుగుతుందన్న సంగతి ఇలాంటి ఉత్తర్వుల్లో ఎక్కడా కనపడదు.

చలి గదులు, మంటలు

గుంటూరు మిర్చి సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా. బయట ఎండ 40 దాటిన రోజున హమాలీ 40 కిలోలకు పైబడ్డ టిక్కీ (మిర్చి బస్తా) భుజాన వేసుకుని కోల్డ్ స్టోరేజీ గదిలోకి వెళ్తాడు. లోపల సింగిల్ డిజిట్ ఉష్ణోగ్రత. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. మిర్చి ఘాటుకు కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ముఖానికి కట్టుకున్న తువ్వాలే మాస్క్. గది చల్లబడేది అమ్మోనియాతో కాబట్టి పైపు లీకైతే ఏమవుతుందన్న భయం కూడా ఉంటుంది.

కొత్త కోడ్‌లు వచ్చేదాకా చట్టం దృష్టిలో ఒక విచిత్రం ఇక్కడుండేది. 1948 కర్మాగారాల చట్టం కోల్డ్ స్టోరేజీలో నిల్వ చేయడాన్ని తయారీ ప్రక్రియ కిందే లెక్కించింది. కాబట్టి కోల్డ్ స్టోరేజీ ఫ్యాక్టరీ అయ్యేది, తనిఖీలు, భద్రతా నియమాలు వర్తించేవి. పక్కనే ఉన్న మామూలు గోదాము మాత్రం దుకాణాల చట్టం కిందకు వచ్చేది. ఫ్యాక్టరీగా నమోదు కాని గోదాములో జరిగిన ప్రమాదం ఫ్యాక్టరీ ప్రమాదాల లెక్కలోకి వచ్చేది కాదు. అమెరికాలో 2021లో ప్రతి వంద మంది పూర్తికాల కార్మికులకు గోదాముల రంగంలో గాయాలు, అనారోగ్యాలు 5.5 ఉంటే మొత్తం ప్రైవేటు రంగంలో 2.7 ఉన్నాయి. అంటే గోదాము పని సగటు ఉద్యోగం కంటే రెట్టింపు ప్రమాదకరమని అక్కడ అంకె ఉంది కాబట్టి తెలిసింది.

మన దగ్గర పెద్ద ప్రాణనష్టం జరిగినప్పుడే గోదాము వార్తల్లోకొస్తుంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము కాలిపోయి పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. 2023 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ జిల్లా చందౌసీలో ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ కూలి 14 మంది, అదే డిసెంబరులో కర్ణాటకలోని విజయపురలో మొక్కజొన్న నిల్వ కూలి బస్తాల కింద ఏడుగురు బిహార్ కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

బోయిగూడలో పని చేసే చోటే పడక. వలస కార్మికుడికి ఊళ్లో గది అద్దె కట్టుకునేంత కూలీ ఉండదు, యజమానికి రాత్రి కాపలా కలిసొస్తుంది. ఇద్దరికీ సర్దుబాటుగా కనిపించే ఈ ఏర్పాటు మంట వచ్చినప్పుడు చావుగా మారింది. ఈ కార్మికుల మీద మన రాష్ట్రాలు ఎంత ఆధారపడ్డాయో 2020 లాక్‌డౌన్‌లోనే తేలింది. దేశమంతా శ్రామిక్ రైళ్లు కూలీలను ఊళ్లకు చేరుస్తున్న ఆ మే నెలలో బిహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి 200 మందికి పైగా కార్మికులు ఎదురు ప్రయాణం చేసి వచ్చారు. తెలంగాణ రైస్‌మిల్లుల్లో ధాన్యం ఎత్తడానికి వాళ్లు అవసరమయ్యారు.

కొత్త కోడ్‌లతో ఏం మారుతుంది

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకు వర్తిస్తుంది. అది ఫ్యాక్టరీయా దుకాణమా అన్న పాత గీత ఇక్కడ పలచబడింది. మామూలు గోదాము కూడా భద్రతా చట్టం పరిధిలోకి రావడం నిజమైన ముందడుగు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న నియమం కూడా అంతే ముఖ్యం. ఎవరి దగ్గర పని చేస్తున్నాడో కాగితం మీద లేని మనిషికి మొదటి ఆధారం అదే. నిర్ణీత కాలానికి నేరుగా తీసుకున్న ఉద్యోగికి ఏడాది తర్వాత గ్రాట్యుటీ హక్కు వస్తుంది. అయితే పండగ సీజన్‌లో రెండు మూడు నెలలకు తీసుకునేవారికి అది అందదు.

కాంట్రాక్టు పని దగ్గరకొచ్చేసరికి కథ వేరు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించాలంటే ఉండాల్సిన కనీస సంఖ్యను కేంద్ర చట్టంలోని 20 నుంచి 50కి పెంచారు. వేరేచోట మనుషుల్ని పెట్టని నలుగురు కాంట్రాక్టర్లు ఒక గోదాముకు నలభై మంది చొప్పున పంపితే, ఏ కాంట్రాక్టరుకూ లైసెన్సు అవసరం పడకుండా పని నడపవచ్చు. మరోవైపు కీలక కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని కోడ్ చెబుతుంది. సరుకు ఎత్తడం, దించడం కీలకం కానివాటి జాబితాలో ఉన్నాయి, కానీ సంస్థ ఆ పని కోసమే ఏర్పడినదైతే ఈ మినహాయింపు పనిచేయదు.

ఈ నిబంధన తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణలో ఇదే నిర్వచనం, ఇదే జాబితా, ఎగుమతి దిగుమతి పనులతో సహా ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన ఆ భాష ఇప్పుడు దేశమంతటికీ చట్టమైంది. కాబట్టి దాని ఫలితం ఎలా ఉంటుందో ఊహించనక్కర్లేదు. రెండు దశాబ్దాలుగా ఈ నిర్వచనం అమల్లో ఉన్న రాష్ట్రాల్లోనే గోదాము పని కాంట్రాక్టర్ల చేతిలో పెరిగింది.

కారణం మినహాయింపుల్లో ఉంది. ఆ పని మామూలుగా కాంట్రాక్టర్ ద్వారానే జరుగుతుంటే కీలకమైనా సరే కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు. నిర్ణీత గడువులో ముగించాల్సిన పని ఒక్కసారిగా పెరిగినా ఇవ్వవచ్చు. పండగ సేల్ రెండో మినహాయింపులో సరిగ్గా ఇముడుతుంది, మిగతా ఏడాది మొదటి దాంట్లో ఇముడుతుంది. గోదాములు నడపడమే వ్యాపారమైన లాజిస్టిక్స్ కంపెనీ విషయంలో సరుకు ఎత్తి దించడం కీలక పని కాదనడం కష్టం. కానీ అక్కడా మామూలుగా జరిగే పద్ధతి ఇదే అన్న వాదన తలుపు తెరిచే ఉంచుతుంది.

కోడ్‌లు అమల్లోకి వచ్చేనాటికి వాటి కింద కేంద్రం, రాష్ట్రాల నిబంధనలు తుదిరూపు దాల్చలేదు. ఒక పని కీలకమా కాదా అన్న వివాదం వస్తే కార్మికుడో సంఘమో సంబంధిత ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చని కోడ్ అంటుంది. ఆ ప్రభుత్వం ఏదన్నది గోదాము ఎవరిదన్న దాన్ని బట్టి మారుతుంది. ఆహార సంస్థ, కేంద్ర గిడ్డంగుల సంస్థ అయితే ఢిల్లీకి. ప్రైవేటు గోదాములు, పౌరసరఫరాల నిల్వ కేంద్రాలు అయితే అమరావతికో హైదరాబాద్‌కో. పేరు రోస్టర్‌లో రోజుకో తీరుగా ఉండే మనిషి ఒంటరిగా ఆ దరఖాస్తు పెట్టే అవకాశం తక్కువ కాబట్టి, ఏళ్లుగా బోర్డు కోసం అడుగుతున్న హమాలీ సంఘాలు మేడ్చల్, శంషాబాద్ షెడ్లలోని స్కానర్ కార్మికులను తమ సభ్యులుగా చేర్చుకుంటాయా లేదా అన్నదాని మీదే ఈ నిబంధన పరీక్షకు రావడం ఆధారపడి ఉంది.